పొరుగు దేశంలో నిర్బంధం, మన ఇంట్లో భద్రత

హైదరాబాద్ దక్షిణపు అంచున, బాలాపూర్ చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో, వెదురుగడలకు టార్పాలిన్ పట్టాలూ పాత ఫ్లెక్సీలూ కట్టుకుని వేసుకున్న గుడిసెల్లో కొన్ని వేల మంది రోహింగ్యాలు పదేళ్లకు పైగా కాలం వెళ్లదీస్తున్నారు. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో 2012లో చెలరేగిన హింస తర్వాత ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటినవారే వీరిలో ఎక్కువ. పాత సామాన్లు ఏరడం, అడ్డా మీద కూలి, చిన్నాచితకా పనులు వారి జీవనాధారం. చేతిలో ఉన్న గుర్తింపు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన ఒక కార్డు. శరణార్థుల రక్షణకు ఉద్దేశించిన 1951 అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ చేరలేదు కనుక ఆ కార్డుకు మన చట్టంలో ప్రత్యేకమైన హోదా ఏదీ లేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో దాఖలు చేసిన అఫిడవిట్‌లో రోహింగ్యాల అక్రమ వలస జాతీయ భద్రతకు ముప్పు అని పేర్కొంది.

ఆ మాటలోని నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. అయితే ఈ ‘ముప్పు’ పుట్టిన చోటు బాలాపూర్ కాదు. 1982లో బర్మా సైనిక పాలకులు తెచ్చిన పౌరసత్వ చట్టం రోహింగ్యాలను ఏ దేశానికీ చెందని మనుషులుగా మార్చింది. అప్పట్లో దాన్ని ఆ దేశపు సొంత వ్యవహారంగానే అందరూ చూశారు. ముప్పై అయిదేళ్లు గడిచాక అదే చట్టం ఢిల్లీలో జాతీయ భద్రత ఫైలుగా, హైదరాబాద్‌లో పోలీసు తనిఖీగా, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో లక్షల మంది తలదాచుకునే శిబిరాలుగా మారింది. ఒక దేశంలో హక్కులు కోల్పోయిన మనుషులు ఆ దేశపు గీతల లోపలే ఉండిపోరు. ప్రజాస్వామ్యాన్నీ మానవ హక్కులనూ జాతీయ భద్రతా లక్ష్యాలలో చేర్చాలనే వాదానికి అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే. అయితే ఇదే వాదాన్ని భుజాన వేసుకుని అగ్రరాజ్యాలు చేసిన పనులు దాని పరువు తీశాయి. అందువల్ల ఈ ఆలోచనలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో జాగ్రత్తగా విడదీసి చూడవలసి ఉంది.

ఈ ఆలోచనను విదేశాంగ విధానంగా అందరికంటే గట్టిగా ప్రకటించిన దేశం అమెరికా. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగుతూ 1917 ఏప్రిల్ 2న అధ్యక్షుడు వుడ్రో విల్సన్, ప్రజాస్వామ్యానికి భయం లేని ప్రపంచాన్ని నిర్మించాలని తమ కాంగ్రెస్ ముందు పిలుపునిచ్చారు. 1941 జనవరిలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగు స్వేచ్ఛల గురించి మాట్లాడారు. 1947లో గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరుతూ హారీ ట్రూమన్, స్వేచ్ఛాయుత ప్రజలకు అండగా నిలవడం అమెరికా భద్రతకే అవసరమని వాదించారు. జిమ్మీ కార్టర్ కాలంలో మానవ హక్కులకు విదేశాంగ శాఖలో ప్రత్యేక స్థానం దక్కింది. 1982లో లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల ముందు రొనాల్డ్ రీగన్ చేసిన ప్రసంగం తర్వాతి ఏడాదే ఇతర దేశాలలో ప్రజాస్వామ్య సంస్థలకు నిధులిచ్చే నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ ఏర్పడింది. 1994లో బిల్ క్లింటన్ ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ భద్రతా వ్యూహ పత్రంలో ప్రజాస్వామ్య విస్తరణ మూడు ప్రధాన లక్ష్యాలలో ఒకటి. జార్జి బుష్ 2005 జనవరిలో రెండోసారి ప్రమాణం చేస్తూ, తమ దేశంలో స్వేచ్ఛ నిలవడం ఇతర దేశాలలో స్వేచ్ఛ గెలవడంపై ఆధారపడి ఉందని ప్రకటించారు.

మాటల వరుస ఇది. పనుల వరుస వేరుగా ఉంది. ఇరాన్‌లో ప్రజల మద్దతున్న ప్రధాని మొసాదెగ్‌ను 1953లో, గ్వాటెమాలాలో ఎన్నికైన అధ్యక్షుడు అర్బెంజ్‌ను మరుసటి ఏడాది కూలదోయడంలో అమెరికా గూఢచారి సంస్థ హస్తం ఉంది. ఇరాన్ సంగతిలో ఆ సంస్థ తన పాత్రను 2013లో విడుదలైన పత్రాలలో ఒప్పుకుంది కూడా. 1953లో తాత్కాలికంగా చేకూరిన ‘భద్రత’కు 1979 ఇరాన్ విప్లవంలో చెల్లించిన మూల్యం చిన్నది కాదు. నేటికీ పశ్చిమాసియాలో ఆ లెక్క తీరలేదు.

దక్షిణాసియా వారికి ఈ విషయంలో 1971 కంటే పెద్ద పాఠం లేదు. 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌కు చెందిన అవామీ లీగ్ అక్కడి 162 సాధారణ స్థానాలలో 160 గెలిచి, జాతీయ అసెంబ్లీలో సంపూర్ణ మెజారిటీ సాధించింది. సైనిక పాలకులు అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ కార్యాలయం నుంచి వాషింగ్టన్‌కు ఒక టెలిగ్రాం వెళ్లింది. ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేకపోయింది, దారుణాలను ఖండించలేకపోయింది అని సొంత ప్రభుత్వాన్నే నిలదీసిన ఆ సందేశం మీద ఇరవై మంది అమెరికా అధికారుల సంతకాలు ఉన్నాయి. పాకిస్తాన్ ద్వారా చైనాతో రహస్య సంప్రదింపులు నడుపుతున్న అధ్యక్షుడు నిక్సన్, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్‌లకు ఆ సందేశం రుచించలేదు. బ్లడ్‌ను అక్కడి నుంచి బదిలీ చేశారు.

ఆ కొన్ని నెలల్లో దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయల్లో శిబిరాలు కిక్కిరిశాయి, కలరా వ్యాపించింది, డిసెంబరులో యుద్ధం వచ్చింది. ఒక దేశంలో ఓటుకు విలువ ఇవ్వకపోవడం పక్క దేశానికి తొమ్మిది నెలల్లో యుద్ధంగా మారిన ఉదాహరణ ఇంత స్పష్టంగా మరొకటి దొరకదు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బ్లడ్ పంపినది నీతిబోధలా కనిపిస్తుంది గాని నిజానికి అది భద్రతకు సంబంధించిన మొదటి తరగతి సమాచారం. ఏం జరగబోతోందో, ఎందుకు జరగబోతోందో వాషింగ్టన్‌లోని వ్యూహకర్తల కంటే ఢాకాలో శవాలను చూసిన అధికారులకే సరిగా అర్థమైంది. హక్కుల ఉల్లంఘన నివేదికను నైతికత అరలో పెట్టి, భద్రతా నివేదికను వేరే అరలో పెట్టిన ప్రభుత్వం రెండోదాన్ని కూడా సరిగా చదవలేకపోయింది.

శ్రీలంక కథ ఇంతకంటే నెమ్మదిగా నడిచింది. 1956లో సింహళాన్ని మాత్రమే అధికార భాషగా చేసిన చట్టం, 1983 జూలైలో తమిళులపై సాగిన దాడులు, తమిళనాడుకు పడవల్లో చేరిన శరణార్థులు, 1987లో భారత శాంతి పరిరక్షక దళం ప్రయాణం, అక్కడ నేలకొరిగిన వెయ్యి మందికి పైగా జవాన్లు, 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య - ఈ గొలుసులో మొదటి లంకె ఒక భాషా చట్టం.

ప్రజాస్వామ్యాలు ఒకదానితో ఒకటి యుద్ధం చేయవనే సిద్ధాంతం ఈ చర్చలో తరచు వినిపిస్తుంది. ప్రజల ఆమోదంతో నడిచే గణతంత్రాలు యుద్ధానికి తొందరపడవని జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లోనే రాశాడు. 1980లలో అమెరికన్ పండితులు దాన్ని చారిత్రక లెక్కలతో బలపరిచారు. ఈ సిద్ధాంతంలో సత్యం ఉంది గాని అందరూ అనుకునేంత సులువైన సత్యం కాదు. 1999లో కార్గిల్‌లో తలపడిన రెండు దేశాలలోనూ ఎన్నికైన ప్రధానులే ఉన్నారు. పాకిస్తాన్ సైన్యం ఆ ప్రధాని అదుపులో ఎంత ఉందో అదే ఏడాది అక్టోబరులో ఆయన్ను దించేసిన తీరే చెప్పింది. అంటే శాంతికి పనికొచ్చేది పోలింగ్ బూత్ ఒక్కటే కాదు. సైన్యం పౌర ప్రభుత్వానికి లోబడి ఉండటం, పత్రికలు ప్రశ్నించగలగడం, న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆపగలగడం కూడా. యుగోస్లావియాలో 1990 ఎన్నికలు జాతి విద్వేషాన్నే ఓట్లుగా మార్చుకున్న నాయకులకు అధికారం ఇచ్చాయి. ఏడాది తిరగకుండానే ఆ దేశం ముక్కలై రక్తసిక్తమైంది. మయన్మార్‌లో 2015 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఘన విజయం సాధించింది. కానీ 2017 ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలను సైన్యం తరిమేసినప్పుడు అధికారంలో ఉన్నది ఆ ప్రభుత్వమే. సైన్యాన్ని సమర్థిస్తూ ఆమె 2019 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. హక్కులు లేని ఎన్నిక మెజారిటీకి ఆయుధమవుతుంది తప్ప ఎవరికీ భద్రత కాదు. ఏడాదీ రెండు నెలలు తిరగకుండా అదే సైన్యం ఆమెను జైల్లో పెట్టింది.

ఇక బలప్రయోగంతో ప్రజాస్వామ్యం తేవాలన్న ప్రయత్నాలు. 2003లో ఇరాక్‌పై దాడికి మొదట చెప్పిన కారణం సామూహిక విధ్వంసక ఆయుధాలు. అవి దొరకనప్పుడు ప్రజాస్వామ్యం అనే కారణం ముందుకొచ్చింది. ఆ క్రమమే ఆ లక్ష్యానికి జరిగిన పెద్ద అవమానం. సైన్యాన్ని రద్దు చేసి, ప్రభుత్వ యంత్రాంగాన్ని ఖాళీ చేసిన చోట ఎన్నికలు జరిగాయి గాని రాజ్యం నిలవలేదు. లిబియాపై 2011 మార్చిలో భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం పౌరుల రక్షణ కోసమంటూ ఆమోదం పొందింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. పౌరుల రక్షణ పాలక మార్పిడిగా మారి, ఆ దేశం సాయుధ ముఠాల పాలైంది. ఆ తర్వాత సిరియాలో నిజంగా రక్షణ అవసరమైనప్పుడు ఆ మాట ఎవరూ నమ్మలేదు.

అఫ్గానిస్తాన్ అనుభవం భారత్‌కు మరింత దగ్గరిది. కాబూల్‌లో అఫ్గాన్ పార్లమెంటు భవనాన్ని భారత్ నిర్మించి ఇచ్చింది. 2015 డిసెంబరు 25న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ప్రారంభించారు. ఒక ప్రజాస్వామ్యం మరో ప్రజాస్వామ్యానికి ఇవ్వగల కానుకలలో అంతకంటే అర్థవంతమైనది ఉండదు. ఆరేళ్లు నిండకుండానే, 2021 ఆగస్టు 15న, తాలిబన్లు కాబూల్‌లో ప్రవేశించారు. గుమ్మటం అలాగే ఉంది, సభ లేదు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు. ఆ వారంలో హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనూ చదువుతున్న అఫ్గాన్ విద్యార్థులు ఇంటికి ఫోన్ కలవక, వీసా గడువు ముంచుకొస్తుంటే ఏం చేయాలో తెలియక అల్లాడారు. చదువు పూర్తయితే తిరిగి వెళ్లడానికి వారికి దేశం ఉంది గాని, ముఖ్యంగా అమ్మాయిలకు, ఆ దేశంలో చోటు లేదు. ఇరవై ఏళ్లు అక్కడ డబ్బూ సైన్యమూ పోసిన దేశాలు రాజధానిలో సంస్థలు కట్టాయి. జిల్లా కోర్టులో న్యాయం జరుగుతుందన్న నమ్మకాన్ని మాత్రం కట్టలేకపోయాయి. ఊళ్లలో భూమి తగాదా తీర్చడానికి తాలిబన్ల పంచాయతీ సర్కారు కోర్టు కంటే త్వరగా తీర్పు చెప్పేది. అక్కడే ఆ రాజ్యం ఓడిపోయింది.

బయటి సైన్యం వచ్చి నిరంకుశత్వాన్ని దించడం ఎలా ఉంటుందో హైదరాబాద్‌కు పుస్తకాల ద్వారా తెలుసుకోవలసిన అవసరం లేదు. నిజాం సంస్థానంలో సభ పెట్టాలన్నా, గ్రంథాలయం లేదా ప్రైవేటు బడి తెరవాలన్నా సర్కారు అనుమతి ఉండాల్సిందే. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ తిర్పన్’ (53వ నంబరు సర్క్యులర్) ఆంధ్ర మహాసభ తరానికి నోటికి వచ్చిన మాట. స్టేట్ కాంగ్రెస్‌ను 1938లో పుట్టకముందే నిషేధించారు. నోరు విప్పే దారులన్నీ మూసేసిన ఆ ప్రభుత్వానికి ఊళ్లలో వెట్టి, దొరల దౌర్జన్యం ఎంత దూరం వెళ్లాయో చెప్పేవారు లేకపోయారు. చెప్పడానికి ప్రయత్నించినవారు జైలుకు వెళ్లారు. చివరికి 1946 నుంచి రైతులు ఆయుధం పట్టారు. రాజ్యం రజాకార్లను వదిలింది.

1948 ఆగస్టు 21 నాటి రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రోజు తేదీతో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది: భారత్ బెదిరిస్తోంది, తమ భద్రతకు ప్రమాదం ఉంది, అంతర్జాతీయ సమాజం జోక్యం చేసుకోవాలి. అదే రాత్రి, ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పని ముగించుకుని కాచిగూడ వైపు ఇంటికి నడిచి వెళ్తుండగా దారికాచి కాల్చారు. రాసిన చేతిని నరికారు. సంస్థానం భారత్‌లో చేరాలనీ, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలనీ రాయడమే ఆయన చేసిన నేరం. బయటి ప్రపంచం నుంచి భద్రత అడుగుతున్న రాజ్యం సొంత పౌరుడికి కాచిగూడ వీధిలో ఇవ్వలేకపోయిన భద్రత అది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి ఈ ఫిర్యాదును చేపట్టే నాటికి భారత సైన్యం హైదరాబాద్‌కు చేరువలో ఉంది. మర్నాడు నిజాం లొంగిపోయారు.

కథ అక్కడ ఆపేస్తే సగం సత్యమే చెప్పినట్టు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హింసను విచారించేందుకు నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో పంపిన బృందం, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంట పడలేదు. నిరంకుశ పాలన అంతం కావడం న్యాయమే. ఆ విముక్తి రోజుల్లో సామాన్య ముస్లిం కుటుంబాలకు రక్షణ లేకపోవడం, ఆపైన ఆ సంగతి దాచిపెట్టడం అన్యాయమే. రెండింటినీ ఒకే చోట చెప్పుకోలేని నగరం ఏటా సెప్టెంబరు 17న ఆ రోజుకు ఏ పేరు పెట్టాలనే వాదనలో చిక్కుకుంటోంది. విమోచనమనీ, విలీనమనీ, సమైక్యతా దినమనీ పేర్లు మారుతున్నాయి. నివేదికలోని మనుషుల పేర్లు మాత్రం ఏ సభలోనూ వినిపించవు.

స్వతంత్ర భారత్ తన విదేశాంగ విధానంలో ప్రజాస్వామ్య ప్రచారాన్ని ఎన్నడూ పెద్ద గొంతుతో చెప్పుకోలేదు. వలస పాలన నుంచి బయటపడిన దేశంగా ఇతరుల వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడమనే పంచశీల సూత్రానికి విలువ ఇచ్చింది. అయినా పూర్తిగా మౌనంగా లేదు. 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి ఏర్పడినప్పుడు కోటి డాలర్లు ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న నేపాల్ రాజు జ్ఞానేంద్ర అధికారమంతా చేజిక్కించుకున్నప్పుడు సైనిక సాయం ఆపింది. ఆ నవంబరులో నేపాల్ పార్టీలకూ మావోయిస్టులకూ మధ్య పన్నెండు అంశాల అవగాహన ఢిల్లీలోనే కుదిరింది. ఎన్నికల నిర్వహణలో ఇతర దేశాల అధికారులకు మన ఎన్నికల సంఘం శిక్షణ ఇస్తోంది. ఇవి చప్పుడు లేకుండా జరిగిన మంచి పనులు.

మయన్మార్ విషయంలో ఈ నిదానం తడబాటుగా మారింది. 1988లో అక్కడి విద్యార్థుల ఉద్యమానికి భారత్ బాహాటంగా మద్దతు పలికింది. ఈశాన్యంలోని సాయుధ ముఠాలు, చైనా ప్రాబల్యం లెక్కలోకి వచ్చాక 1990ల మధ్య నుంచి సైనిక పాలకులతో చేయి కలిపింది. 2020లో ఐఎన్‌ఎస్ సింధువీర్ జలాంతర్గామిని మయన్మార్ నౌకాదళానికి అప్పగించింది. దాన్ని మరమ్మతు చేసి సిద్ధం చేసింది విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డే. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైనిక కుట్ర జరిగింది. మార్చి 27న వీధుల్లో జనాన్ని కాల్చిన రోజున జరిగిన సైనిక కవాతుకు హాజరైన కొద్ది దేశాలలో భారత్ ఒకటి. జూన్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంపై ఓటు వేయలేదు. అంతలో చిన్ కొండల నుంచి వేలాది మంది మిజోరంలోకి వచ్చారు. వారిని ఆపాలని కేంద్ర హోం శాఖ లేఖ రాస్తే, వారు మా రక్తసంబంధీకులు, తిప్పి పంపలేమని ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి రాశారు. మూడేళ్ల తర్వాత, 1,643 కిలోమీటర్ల సరిహద్దుకు కంచె వేస్తామనీ స్వేచ్ఛగా రాకపోకల ఏర్పాటు రద్దు చేస్తామనీ కేంద్రం ప్రకటించింది. స్థిరత్వం కోసం సైన్యాన్ని నమ్ముకుంటే దక్కింది అస్థిరమైన సరిహద్దు. బంగ్లాదేశ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ప్రతిపక్షం బహిష్కరించిన ఎన్నికలను మనం స్వాగతిస్తూ వచ్చాం. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి భారత్‌కు రాగానే, అక్కడి వీధిలో కోపం ఆమెతో పాటు మన మీదికి కూడా మళ్లింది. ఒక ప్రభుత్వంతో స్నేహాన్ని ఒక దేశంతో స్నేహంగా పొరబడటం ఖరీదైన పొరపాటు.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. పొరుగున ఎవరు అధికారంలో ఉంటే వారితో పని చేయక ప్రభుత్వానికి తప్పదు. చైనా పక్కనే కాచుకుని ఉన్నప్పుడు నీతులు వల్లిస్తే చోటు ఖాళీ చేసినట్టే. ఈ మాటలో బరువుంది. కానీ మాట్లాడటానికీ ఆయుధాలివ్వడానికీ మధ్య, సంబంధాలు కొనసాగించడానికీ మెచ్చుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని అధికారి విచక్షణకు వదలకుండా చట్టంలో రాసుకోవడం ఒక దారి. ఘోరమైన హక్కుల ఉల్లంఘనకు పాల్పడిన విదేశీ దళాలకు సాయం ఇవ్వరాదని అమెరికాలో సెనెటర్ లీహీ పేరుతో 1997 నుంచి నిబంధన ఉంది. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూల్చితే సాయం ఆపాలనే నిబంధనా ఉంది. అయితే 2013 జూలైలో ఈజిప్టు అధ్యక్షుడు మొర్సీని సైన్యం దించినప్పుడు, ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం ఆగిపోతుందని వాషింగ్టన్ ‘సైనిక కుట్ర’ అనే మాటే వాడలేదు. చట్టం ఉన్నా మాట దాచుకుంటే తప్పించుకునే దారి ఉంటుందని అది చూపింది. చట్టమే లేకపోతే దాచుకోవలసిన అవసరం కూడా ఉండదు. 2025లో అమెరికా తన అంతర్జాతీయ అభివృద్ధి సంస్థనే మూసివేసింది. దాంతో ప్రజాస్వామ్య సాయం అనే పని మీద ఆ దేశానికున్న పట్టు సడలింది. భారత్ వంటి దేశాలు సొంతంగా ఆలోచించుకోవలసిన సమయం వచ్చింది.

ఆ ఆలోచన ఇంటి నుంచే మొదలుకావాలి. ఇల్లు చక్కబెట్టుకున్నాకే వీధి గురించి మాట్లాడాలనే సామెత ధోరణిలో చెబుతున్న మాట కాదిది. భద్రత పేరుతో హక్కులను పక్కన పెట్టినప్పుడు భద్రతకే ఏం జరుగుతుందో కొలవడానికి చేతికందే ప్రయోగశాల సొంత దేశమే. 1975లో ప్రజాస్వామ్యాన్ని నిలిపివేయడానికి చూపిన కారణం ‘అంతర్గత కల్లోలం’. వేలాది మందిని విచారణ లేకుండా నిర్బంధించిన మీసా చట్టం పేరులోనే అంతర్గత భద్రత ఉంది. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ‘అంతర్గత కల్లోలం’ అనే మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని చేర్చింది. ఒక పదాన్ని మార్చడం ద్వారా రాజ్యాంగం భద్రతకు హద్దు గీసిన సందర్భం అది.

హైదరాబాద్‌లో 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత జనంపై పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిని చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. ఆ యువకులు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం 2012లో కొందరికి నష్టపరిహారం ఇచ్చింది. హైకోర్టు మరుసటి ఏడాది ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు తర్వాత వేరే దిశలోకి మళ్లి, వేరే నిందితులపై నడిచి, 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు వారినీ నిర్దోషులుగా తేల్చింది. తొమ్మిది ప్రాణాలకు ఎవరూ బాధ్యులు కాలేదు. చిత్రహింస తప్పు అనడం ఒక ఎత్తు. ఆ మొదటి నెలల్లో, ఆధారాలు తాజాగా ఉన్నప్పుడు, వ్యవస్థ తన శక్తినంతా తప్పు మనుషుల మీద పెట్టి, బాంబు పెట్టినవారికి కాలం కలిసొచ్చేలా చేయడం మరో ఎత్తు. ఆ వీధుల్లో పోలీసుకు సమాచారం చెప్పడానికి ముందుకొచ్చే మనిషి ఆ తర్వాత ఎన్నేళ్లకు దొరికి ఉంటాడో లెక్కగట్టడం కష్టం.

ఈ ప్రాంతంలో పౌర హక్కుల ఉద్యమం ఈ సంగతిని చాలా ముందే చెప్పింది. 1970లలో ఏర్పడిన పౌర హక్కుల సంఘం, న్యాయవాది కన్నబిరాన్ వాదనలు, హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ నిజనిర్ధారణ నివేదికలు ఎన్‌కౌంటర్ అనే మాట వెనుక ఏముందో పేరూ ఊరూ తేదీతో సహా నమోదు చేశాయి. బాలగోపాల్ అక్కడితో ఆగలేదు. సాయుధ పక్షాల హింసనూ అదే కొలతతో కొలవాలన్నారు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ సారథ్యంలో 1997లో మొదలైన పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి రెండు పక్షాలనూ ప్రశ్నించి, 2004 అక్టోబరులో మంజీరా అతిథి గృహంలో ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలిగింది. చర్చలు నిలవలేదు, కొద్ది నెలల్లోనే మళ్లీ తుపాకులు పేలాయి. అయినా ఆ కొన్ని నెలలు ఎన్నో ఊళ్లు రాత్రి తలుపు చప్పుడుకు భయపడకుండా నిద్రపోయాయి. దాన్ని భద్రత అనకపోతే ఆ మాటకు వేరే అర్థం వెతుక్కోవాలి.

ఏడేళ్ల తర్వాత, 2011 జూలై 5న, సుప్రీంకోర్టులో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌తో కలిసి, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిపిన సల్వాజుడుం కేసులో తీర్పు ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లకు నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనమిచ్చి, తుపాకీ చేతికిచ్చి, సొంత గూడేల వారి మీదికే పంపడం సమానత్వ హక్కునూ జీవించే హక్కునూ ఉల్లంఘించడమేనని తేల్చారు. ఆ కుర్రాళ్లు ఏం కోల్పోతున్నారో తెలుసుకునే స్థితిలో కూడా లేరనీ, వారిని అలా వాడుకోవడం రాజ్యాంగం ఒప్పుకునే భద్రత కాదనీ చెప్పిన ఆ తీర్పు, దేశాల మధ్య జరిగే వాదనకూ వర్తిస్తుంది. ఇతరుల పిల్లల చేతికి తుపాకీ ఇచ్చి తన భద్రతను కొనుక్కునే పని 1980లలో అఫ్గాన్ సరిహద్దుల్లో అగ్రరాజ్యమూ చేసింది, దంతెవాడలో ఒక రాష్ట్ర ప్రభుత్వమూ చేసింది.

బాలాపూర్ గుడిసెల్లో పుట్టిన పిల్లల్లో పెద్దవారికి ఇప్పుడు పదేళ్లు దాటాయి. వారు తెలుగు, దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, రఖైన్ చూడలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చట్టంలోని పద్ధతి పాటించాకే రోహింగ్యాలను వెనక్కి పంపాలని చెప్పింది. పంపాలంటే తీసుకునే దేశం ఒకటి ఉండాలి. ఆ దేశంలో ఇప్పుడు ఉన్నది 2021లో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసిన సైన్యం, దాని మీద తిరగబడ్డ డజన్ల కొద్దీ సాయుధ దళాలు. రఖైన్‌లో చాలా భాగం వాటిలో ఒకటైన అరాకాన్ ఆర్మీ చేతిలోకి వెళ్లింది. ఆ పిల్లల పేర్లు ఏ పౌరసత్వ పట్టికలో చేరతాయన్న ప్రశ్నకు జవాబు మయన్మార్ రాజధాని నేపీడాలో గాని, ఢిల్లీలో గాని, బాలాపూర్ పోలీసు ఠాణాలో గాని ఈ రోజుకు లేదు.